సామ్యూల్ సమాధికి దారి

విదేశాల దాతల డబ్బుతో పేద పిల్లల్ని చదివించే సెంటరు లెక్క ప్రకారం జహనుమాలోని ఆ గల్లీలో సగంమంది మగాళ్లు చనిపోయారు. చనిపోయినవాళ్లంతా పొద్దున్నే లేచి నల్లా దగ్గర కొట్లాడేవాళ్లు, చాయ్ తాగి పనులకు పోయేవాళ్లు, క్రిస్మస్‌కు కొత్త బట్టలు వేసుకుని చర్చిలో ముందు వరసలో కూర్చునేవాళ్లు కూడా. తండ్రి లేని పిల్లల్నే తీసుకుంటామని సెంటరు వాళ్లు అన్న ఏడాది గల్లీలో తండ్రులు ఒకరి వెనక ఒకరు పోయారు. సామ్యూల్ కూడా అప్పుడే పోయాడు. "పోయిండని రాస్తే పోతనా ఏంది? రాసుకోండ్రి" అని నవ్వుతూ చెప్పి, ఆటో స్టార్ట్ చేసుకుని ఫలక్‌నుమా స్టేషన్ అడ్డాకు వెళ్లిపోయాడు. ఆ తర్వాత కూతురు స్వీటీ మంచి బడిలో చేరింది, క్లాసులు దాటింది, ఇంగ్లీషులో గలగలా మాట్లాడటం నేర్చింది. సామ్యూల్‌కు తాను చచ్చిన సంగతే గుర్తు లేకుండా పోయింది.

గుర్తు చేయడానికి గురువారం సాయంత్రం దీక్షిత్ వచ్చాడు. సెంటరులో కొత్తగా చేరిన కుర్రాడు, ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు. ఆ వేళకు సామ్యూల్ ఆటో సీటు ఊడదీసి బయట పెట్టి, లోపల పేరుకున్న మట్టిని బట్టతో తుడుస్తున్నాడు.

"అన్నా, స్వీటీ స్పాన్సర్ మేడం వస్తుంది" అన్నాడు దీక్షిత్.

"ఏడికి?"

"ఈడికే. పెద్ద సంచి భుజానికేసుకోని ఇండియా అంత తిరుగుతుందంట. ఇప్పుడు హంపిల ఉంది. శనివారం పొద్దుగాల రైలు దిగుతది. స్వీటీని చూడాలె, ఇల్లు చూడాలె అన్నది."

సామ్యూల్ ముఖం వెలిగింది. నార్వే నుంచి వచ్చే మనిషి తన ఇంటి గడప తొక్కుతుందంటే మాటలా! "రానీ. నాటుకోడి కోస్త. మా సుందరమ్మతోని బగార అన్నం వండిపిస్త."

దీక్షిత్ ఆటో టైరు వైపు చూస్తూ నిలబడ్డాడు. "కోడి కోసనీకి నువ్వు లేవు కదన్నా" అన్నాడు.

సామ్యూల్ పకపకా నవ్వాడు. నవ్వు సగంలో ఆగింది. చేతిలో బట్ట పిండుతూ, "ఔ కదా" అన్నాడు.

"ఆమెకు గూడ చిన్నగున్నప్పుడే నాయిన పోయిండంట. అందుకే తండ్రి లేని పిల్లే కావాలని ఏరుకున్నది. అబద్ధమని తెలిస్తే స్వీటీ పేరు కొట్టేస్తరు. ఒక్క స్వీటీదేనా, గల్లీల పిల్లలందరివి తిరగేస్తరు. ఎనిమిదో క్లాసుకు హాస్టల్ల ఏస్తమన్నరు సూడు, అది గూడ బంద్." కొంచెం ఆగి తన తప్పేమీ లేదన్నట్టు చేర్చాడు, "నేనైతే రాయలేదన్నా. నేనొచ్చేసరికే నువ్వు పోయినవ్."

ఒక్క రోజే కదా, ఎక్కడో సవారీలు కొట్టుకుంటానని సామ్యూల్ తేలిగ్గానే ఒప్పుకున్నాడు. కానీ మేడం కోసం ఆటో మాట్లాడాలని దీక్షిత్ అనేసరికి అతని ప్రాణం ఊరుకోలేదు. బిడ్డను బతికిస్తున్న మనిషిని చూడకుండా ఎట్లా?

"బయటి ఆటోవాడు దారిపొంట వాగుతనే ఉంటడు. ఏదో ఒకటి నోరు జారుతడు. నా ఆటో పెట్టు. చచ్చినోనికంటే నోరు మూసుకునేటోడు నీకు యాడ దొరుకుతడు?" అన్నాడు.

దీక్షిత్ చాలాసేపు ఆలోచించాడు. ఆఖరికి తల ఊపాడు, మనసులో మాత్రం భయపడుతూనే.

శుక్రవారం సామ్యూల్ ఇంట్లోంచి సామ్యూల్‌ను తీసేసే పని మొదలైంది. ఒక మనిషి ఇంట్లో ఎన్ని చోట్ల ఉంటాడో తీసేటప్పుడు గాని తెలియదు. గోడకున్న పెళ్లి ఫోటో, దండెం మీద లుంగీ, కిటికీలో గడ్డం గీసుకునే సామాను, తలుపు వెనక ఖాకీ చొక్కాలు, మంచం కింద పాత చెప్పులు. ఫోటో తీసినచోట గోడ మీద చదరంగా సున్నం తెల్లగా మిగిలింది. అక్కడ ఏసుప్రభువు క్యాలెండర్ తగిలించారు. మూటగట్టినవన్నీ పక్కనే బర్రెలు పెట్టుకుని పాలమ్మే లలితమ్మ ఇంట్లో పెడదామంటే ఆమె బంధువుల ఊరికి వెళ్లి ఉంది. మూటను ఆమె కొట్టంలో గడ్డి వెనక దోపాడు సామ్యూల్.

తర్వాత ఆటో ముందు అద్దం మీద పడ్డాడు. అద్దం పైభాగాన ఎర్ర రేడియం స్టిక్కరుతో ఇంగ్లీషులో స్వీటీ అని పెద్ద అక్షరాలున్నాయి. బ్లేడును రెండు వేళ్లతో పట్టుకుని అంచు నుంచి మెల్లగా లేపాడు. ఎండకు మాడిన స్టిక్కరు, ముక్కలు ముక్కలుగా వచ్చింది. మిగిలిన జిగురు మీద కిరసనాయిలు గుడ్డ పెట్టి రుద్దాడు. చివరి అక్షరం దగ్గర బ్లేడు జారి వేలు తెగింది. వేలు నోట్లో పెట్టుకుని చూస్తే అద్దం బోసిగా కనబడింది, అతనికి అంతవరకూ లేని దిగులు పుట్టింది.

భార్య సుందరమ్మ మునిసిపాలిటీలో రోడ్లు ఊడ్చే డ్యూటీ దిగి మధ్యాహ్నానికి వచ్చింది. సంగతి వింటూనే కూలబడింది. మెడలో పుస్తెలతాడు పిడికిట్లో పట్టుకుంది.

"బతికున్న మొగని తాడు తియ్యమంటవా?"

"తీసి బియ్యం డబ్బల ఏస్తే నేను సస్తనా?"

"అప్పుడు గూడ గిదే అన్నవ్."

సుందరమ్మ లేచి నిలబడింది. కళ్లు మూసుకుని పెదాలతో ఏదో ప్రార్థన చేసుకుని తాడు తలమీదుగా తీసింది. బియ్యంలోకి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి అడుగున దాచింది. మెట్టెలు మాత్రం రాలేదు. పెళ్లినాటి నుంచి ఉన్నవి, రోజంతా నిలబడి చేసే పనికి వేళ్లు బాగా లావెక్కాయి. సబ్బు రాసింది, లాగింది, తోలు లేచింది. చివరికి సామ్యూల్ ఆమె కాలు తన తొడ మీద పెట్టుకున్నాడు. వేలికి కొబ్బరినూనె పట్టించి, కుట్టుదారం తీసుకుని మెట్టె కింద నుంచి పోనిచ్చి వేలి చుట్టూ బిగించి చుట్టాడు. దారం కొస పట్టుకుని విప్పుతూ ఉంటే మెట్టె ఒక్కో చుట్టు మీదుగా జరిగింది. పెళ్లినాడు పాస్టరు ముందు కూర్చుని తొడిగిన చేతులే. సుందరమ్మ ఏడవలేదు. క్యాలెండర్ వైపు చూస్తూ కూర్చుంది. ఏడ్చినా బాగుండునని అతనికి అనిపించింది.

స్వీటీ గడపలో నిలబడి చూస్తోంది. మేడం రాగానే చెప్పాల్సిన ఇంగ్లీషు మాటలు అంతకుముందు దాకా గోడకు చెప్పుకుంటూ ఉంది. తల్లి కాలి దగ్గరికి వంగి చూసి, "మెట్టెలున్న కాడ తెల్లగ కనవడుతుంది. జర మట్టి రాయి అమ్మా" అంది.

నిజమే, ఎవరికీ తట్టలేదు. పిల్ల బుర్రే బుర్ర అని సామ్యూల్ మురిసిపోయాడు. సుందరమ్మ మాత్రం కూతురిని ఎగాదిగా చూసింది.

"బాపూ, రేపు నన్ను చూడకు. నువ్వు చూస్తే నాకు నవ్వొస్తది" అంది స్వీటీ. "నిన్ను నేను అంకుల్ అంట. ఫికర్ చెయ్యకు."

శనివారం బహదూర్‌పురాలోని సెంటరు ముందు స్పాన్సర్ మేడం మారిట్ ఆటో ఎక్కింది. ముప్పై ఏళ్లుంటాయేమో. ఎండకు ముక్కు ఎర్రగా ఒలిచిపోయి ఉంది. పూల పైజామా, రబ్బరు చెప్పులు. వీపు మీద సంచి ఆమెకంటే పెద్దది. దించుదామని సామ్యూల్ చెయ్యి వేస్తే వద్దని నవ్వి తానే దించుకుంది. ముందు డ్రైవరుకే నమస్తే పెట్టి పేరు అడిగింది. సామ్యూల్ నోరు తెరిచాడు.

"సోమశేఖర్" అన్నాడు దీక్షిత్ గబుక్కున.

మారిట్ ఆ పేరు పలకడానికి ప్రయత్నించి ఓడిపోయి మళ్లీ నవ్వింది. మంచి మనిషి. అదే సామ్యూల్‌ను మొదట గుచ్చింది. గర్వం, దర్జా ఉన్న మనిషిని మోసం చేయడం తేలికని అతను అనుకుని వచ్చాడు.

వెనక సీట్లో మారిట్, స్వీటీ కూర్చున్నారు. దీక్షిత్ ముందు, డ్రైవరు సీటు పక్కన ఇరుక్కున్నాడు. జూపార్కు గేటు ముందు శనివారం జనం, బెలూన్లవాళ్లు, ఐస్‌క్రీం బండ్లు. ఆటో నత్తనడక నడిచింది. మారిట్ గేటు వైపు చెయ్యి చూపి ఏదో అడిగింది. స్వీటీ చెప్పడం మొదలుపెట్టింది. తడుముకోలేదు. అంత ఇంగ్లీషు తన బిడ్డ నోట వినడం సామ్యూల్‌కు అదే మొదటిసారి. ఇంట్లో ఆమె ఇంగ్లీషు ఎవరితో మాట్లాడుతుంది? డాడీ అన్న మాట వినిపించింది. ఎలిఫెంట్ అన్న మాట వినిపించింది. మారిట్ గొంతు మెత్తబడింది.

"ఏమంటుంది?" అని సామ్యూల్ దీక్షిత్ చెవిలో అడిగాడు.

"ఆదివారం ఆదివారం వాళ్ల బాపు జూకు తీస్కొచ్చేటోడంట" దీక్షిత్ రోడ్డు వైపే చూస్తూ చెప్పాడు. "ఏనుగు కనవడకపోతే భుజాల మీద కూసోపెట్టుకునేటోడంట. తింటుంటే ఐస్‌క్రీం కరిగి ఆయన నెత్తి మీద పడితే ఏమనకపోయేటోడంట."

సామ్యూల్ ఒక్కసారి కూడా బిడ్డను ఆ గేటు లోపలికి తీసుకుపోలేదు. ఆదివారం సవారీలు ఎక్కువ. పోదాం బిడ్డా, వచ్చే ఆదివారం పోదాం అనేవాడు. అది అబద్ధమని పిల్లకూ తెలుసు, అయినా తలూపేది. ఈ మాటలు దీక్షిత్ నేర్పినవి కావు, అతనికేం తెలుసు! పిల్ల ఎన్ని రోజుల నుంచి ఈ తండ్రిని తన లోపల పెట్టుకుని పెంచుకుంటోందో. చచ్చిపోయిన సామ్యూల్ బతికున్న సామ్యూల్ కంటే చాలా మంచివాడని తేలింది. అతను హారన్ మీద చెయ్యి పెట్టి అక్కరలేకపోయినా గట్టిగా కొట్టాడు.

ఇంట్లో సుందరమ్మ చాప పరిచి పెట్టింది. పాత చీర, బోసి మెడ, మట్టి రాసిన కాళ్లు. మారిట్ ఆమెను కావలించుకుంటే కర్రలా నిలబడింది. సామ్యూల్ తన గడప బయట, చెప్పులు విడిచేచోట ఆగాడు. ఎండ మాడుతోంది. మారిట్ అతన్ని చూసి లోపలికి రమ్మని చెయ్యి ఊపింది. డ్రైవరుకు కూడా చాయ్ ఇవ్వమని దీక్షిత్‌తో చెప్పింది.

సుందరమ్మ చాయ్ గ్లాసు పట్టుకుని వచ్చింది. ఏమని పిలిచి ఇవ్వాలి? పరాయి మగవాడిని అన్నా అనాలి. కట్టుకున్నవాణ్ణి అన్నా అని ఏ నోటితో అంటుంది! గ్లాసు గడప మీద పెట్టి వెనక్కి తిరిగింది.

"అంకుల్, చాయ్ తీస్కో" అంది స్వీటీ చాప మీద నుంచే.

సరిగ్గా అప్పుడే లలితమ్మ ఊరి నుంచి దిగింది. చేతిలో సంచి, నెత్తి మీద కూరగాయల మూట. వాకిట్లో జనం, లోపల తెల్లామె, మధ్యలో బోసి మెడతో సుందరమ్మ. చూడటమే ఆలస్యం, మూట జారవిడిచింది.

"అయ్యో నా చెల్లె! అయ్యో సామ్యూలూ! మొన్ననే కదరా కొడకా పాలు ఇంక జర పొయ్యమంటివి, ఎట్ల పోతివిరా!" అంటూ గుండెలు బాదుకుని, లోపలికి ఉరికి, సుందరమ్మ మెడ పట్టుకుని ఏడుపు అందుకుంది.

అంతవరకు బిగబట్టుకుని ఉన్న సుందరమ్మ ఆ మాట వినేసరికి భళ్లున బయటపడింది. మొగుడు గడపలోనే ఉన్నాడు, చేతిలో చాయ్ ఉంది, అయినా ఏడ్చింది. తాడు తీసిన ఏడుపు, మెట్టెలు తీసిన ఏడుపు అప్పుడు ఏడ్చింది. లలితమ్మ ముక్కు చీదుకుంటూ పక్కకు తిరిగి సామ్యూల్‌ను చూసింది. నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. సామ్యూల్ పెదాల మీద వేలు పెట్టాడు. ఇంకో రోజైతే గల్లీ అంతా నెల రోజులు నవ్వుకునే సంగతి. ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు.

మారిట్ కళ్లు నిండిపోయాయి. ఇన్నేళ్లయినా ఇంత దుఃఖం ఉందా అంది. అన్నదని దీక్షిత్ చెప్పాడు, నేల చూస్తూ. ఆమె తన పెద్ద సంచి ముడి విప్పి, బట్టల మధ్య నుంచి గుడ్డలో చుట్టిన వస్తువు తీసింది. ఎర్ర గాజు గ్లాసులో పోసిన కొవ్వొత్తి. మా దేశంలో సమాధుల మీద వెలిగిస్తాం, మా నాన్నకు వెలిగించేవి ఇలాంటివే, స్వీటీ నాన్న కోసం ఇంటి నుంచి తెచ్చాను, ఒక్కసారి ఆయన సమాధికి తీసుకుపోండి అని అడిగింది.

దీక్షిత్ అది తెలుగులో చెప్పి ఆగిపోయాడు. కోడికూర సంగతి ఆలోచించారు, మెట్టెల సంగతి ఆలోచించారు, చచ్చిన మనిషికి సమాధి ఉండాలన్నది ఎవరూ ఆలోచించలేదు. "వర్షాలకు... అంటే, దూరం..." అని నసిగాడు.

"ఉంది. పోదాం" అని స్వీటీ లేచి నిలబడింది. దీక్షిత్ వైపు తిరిగి తెలుగులో, "పెద్దబాపుది ఉంది కదా" అంది.

డానియేలు సామ్యూల్‌కు అన్న. పోయి ఎంతో కాలం కాలేదు. సామ్యూల్ అడ్డం చెప్పబోయాడు. డ్రైవరు ఎందుకు అడ్డం చెబుతాడు? గ్లాసు కింద పెట్టి ఆటో దగ్గరికి నడిచాడు.

"నేను రాను. అదొక్కటి నాతోని కాదు" అంది సుందరమ్మ లోపలి నుంచి. దీక్షిత్ దాన్ని ఏమని చెప్పాడో గాని, మారిట్ ఆమె నుదుటి మీద ముద్దు పెట్టి బయటికి వచ్చింది.

సమాధుల తోట రైలు పట్టాల అవతల ఉంది. తోట అని పేరే, మొక్కలు తక్కువ, ముళ్లకంప ఎక్కువ. ఉన్నవాళ్లకు పాలరాయి, లేనివాళ్లకు మట్టి దిబ్బ. తన ఆటోలో, తానే తోలుకుంటూ, తన సమాధికి దారి సామ్యూల్ ఎవరినీ అడగనక్కరలేదు. అన్నను మోసినప్పుడు ముందు భుజం అతనిదే. డానియేలు దిబ్బ మీద ఇనుప పైపులు అతికించిన శిలువ ఉంది, దాని మీద తెల్లరంగుతో పేరు. రంగు సామ్యూలే వేశాడు. మంచి రాయి వేయిస్తానే అన్నా అని ఆ రోజు దిబ్బ మీద పడి ఏడ్చాడు. వేయించలేదు.

మారిట్ మోకాళ్ల మీద కూర్చుని గాజు గ్లాసు దిబ్బ మీద పెట్టింది. లైటరు ఎన్నిసార్లు నొక్కినా వెలగలేదు. గేటు దగ్గరి దుకాణంలో అగ్గిపెట్టె తెస్తానని దీక్షిత్ వెళ్లాడు. ఆమె శిలువ మీద తెలుగు అక్షరాలను వేలితో ఒక్కొక్కటే తడిమింది. ఏమని ఉంది అన్నట్టు స్వీటీ వైపు చూసింది.

స్వీటీ ఆ అక్షరాలు చూసింది. "సామ్యూల్" అని చదివింది.

"సామ్యూల్" అంది మారిట్ ఆ పిల్ల వెనకే.

వెనక నిలబడ్డ సామ్యూల్ ఆ పిలుపుకు ఆఁ అనబోయి పళ్లు బిగించాడు. అన్న పేరు పోయింది. దిబ్బ ఒక్కటే అన్నకు మిగిలిన ఆస్తి, అదీ పోయింది. స్వీటీ దిబ్బ మీద రెండు చేతులూ ఆన్చి తల వంచింది. కాసేపటికి ఆమె వీపు కదలడం మొదలైంది. సామ్యూల్‌కు బిడ్డ దొంగ ఏడుపు తెలుసు, నోటుబుక్కు కొనలేదని ఏడ్చే ఏడుపు తెలుసు. ఇది అది కాదు. ముక్కు కొస ఎర్రబడింది. "బాపూ" అంది దిబ్బతో. అతను వెనకనే ఉన్నాడు. ఆ మాట తనవైపు రాలేదు.

అంతే, ఇక అతని వల్ల కాలేదు. చెప్పులు ఎక్కడ విడిచాడో తెలియదు, వచ్చి బిడ్డ పక్కన మట్టిలో కూలబడ్డాడు.

"చాలు బిడ్డా. చాలు. చెప్పు ఆమెకు. మీ బాపును నేనే అని చెప్పు. ఈడ పండుకున్నది మీ పెద్దబాపు అని చెప్పు. పోతే పోనీ. హాస్టల్ లేకుంటే లేకపాయె. పగలు రాత్రి ఆటో తోలి నేను సదివిస్త. గల్లీ వాళ్ల కాళ్లు పట్టుకుంట. నువ్వు నన్ను అంకుల్ అనకు బిడ్డా. చెప్పు." అతని గడ్డం మీదుగా కన్నీళ్లు కారి చొక్కా తడిసింది. మగవాడు అట్లా ఏడవడం చూసి మారిట్ బెదిరిపోయి, ఏమైందని స్వీటీని అడిగింది.

స్వీటీ చున్నీతో ముక్కు తుడుచుకుంది. తండ్రి ముఖంలోకి చూసింది. అంతసేపు ఆమె అతన్ని ఎప్పుడూ చూడలేదు. తర్వాత మారిట్ వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పింది. మెల్లగా, మాటలు ఏరుకుంటూ చాలాసేపు చెప్పింది. సామ్యూల్ చెవులు రిక్కించి విన్నాడు. ఫాదర్ అన్నది అతనికి తెలిసిన మాట. డాటర్ అన్నదీ తెలుసు. రెండూ వచ్చాయి.

మారిట్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత మోకాళ్ల మీదే జరిగి వచ్చి సామ్యూల్ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. ఆమె కూడా ఏడుస్తోంది. కోపం లేదు. ఒక్క చిన్న మాట కూడా అనలేదు. ఇంత మంచి మనిషికి ఎందుకు భయపడ్డాం, మొదటే చెబితే పోయేది కదా అనుకున్నాడు సామ్యూల్. సుందరమ్మ మెట్టెలు ఇంటికి పోగానే మళ్లీ తొడగాలి. ఛాతీ మీద నుంచి బరువేదో దిగినట్టయి, ఏడుస్తూనే బిడ్డ వైపు చూసి నవ్వాడు. స్వీటీ శిలువ వైపు చూస్తోంది.

దీక్షిత్ వచ్చాడు. అగ్గిపెట్టెతో పాటు కొవ్వొత్తుల ప్యాకెట్టు కూడా తెచ్చాడు. మారిట్ లేచి అతనితో గబగబా ఏదో చెప్పింది. దీక్షిత్ ప్యాకెట్టు చింపుతున్నవాడు ఆగిపోయాడు.

"ఏమంటుంది తమ్మీ? ఆమెకు కోపం లేదు కదా?" అని అడిగాడు సామ్యూల్ ముక్కు తుడుచుకుంటూ.

"అన్నా..."

"చెప్పు పర్వాలేదు."

"నీ బిడ్డ పోయినందుకు బాధపడుతున్నా అంటుంది."

"ఎవరి బిడ్డ?"

"నీ బిడ్డనే." దీక్షిత్ గొంతు తగ్గించాడు. "ఈ అంకుల్‌కు ఒక్కతే బిడ్డ ఉండె, చిన్నగున్నప్పుడే జ్వరమొచ్చి చచ్చిపోయింది, ఉంటే నా అంత ఉండేది, నేను ఏడుస్తుంటే ఆ పిల్ల యాదికొచ్చి ఏడుస్తుండు అని స్వీటీ చెప్పిందంట."

రైలు ఒకటి పట్టాల మీద పోయింది. సామ్యూల్ బిడ్డ వైపు తిరిగాడు. ఇప్పుడు ఆమె అతన్నే చూస్తోంది.

"అమ్మ మెట్టెలు గూడ తీసింది" అంది తెలుగులో, తప్పు చేసి పట్టుబడ్డ పిల్లలా. "ఇప్పుడు చెప్తే ఎట్ల? నువ్వట్ల ఏడిస్తే నేనేం చెప్పాలె? నాకు గంతే వచ్చింది."

కోపగించుకుందామంటే అతనికి కోపం రాలేదు. ఆ విద్య ఆ పిల్లకు ఎవరు నేర్పారు? పోయిండని రాస్తే పోతనా అని వాకిట్లో నిలబడి నవ్విన తండ్రే నేర్పాడు.

మారిట్ ఎర్ర గ్లాసులో కొవ్వొత్తి వెలిగించింది. తర్వాత దీక్షిత్ చేతిలో ప్యాకెట్టు నుంచి ఇంకో కొవ్వొత్తి తీసుకుని, డానియేలు దిబ్బ అంచున మట్టి తవ్వి నిలబెట్టింది. అగ్గిపుల్ల గీసి, సామ్యూల్ వైపు చూసి మెల్లగా ఏదో అడిగింది.

"పిల్ల పేరు అడుగుతుందన్నా" అన్నాడు దీక్షిత్. "ఆ పేరు మీద వెలిగిస్తదంట."

సామ్యూల్ నోరు తెరిచాడు. అతనికి తెలిసిన ఆడపిల్లల పేర్లన్నీ గల్లీలో పిల్లలవే. సోనీ, స్రవ్య, అందరూ ఈ పాటికి బడి నుంచి వచ్చి వాకిళ్లలో ఆడుకుంటున్నవాళ్లే. ఎవరి పేరు చెప్పినా ఎవరో ఒక తల్లికి శాపం పెట్టినట్టే. బిడ్డ పేరు నాలుక కొసకు వచ్చింది, పళ్లతో నొక్కిపట్టాడు. తన పేరు మట్టిలో కలిపినప్పుడు క్షణం ఆలోచించనివాడు ఇప్పుడు ఒళ్లంతా చెమటలు పట్టి కూర్చున్నాడు. మారిట్ వేళ్ల మధ్య అగ్గిపుల్ల కాలుతూ వస్తోంది.

"పేరు లేదని చెప్పు" అన్నాడు. "పేరు పెట్టకముందే పోయిందని చెప్పు తమ్మీ."

జ్వరమొచ్చి పోయిన పిల్లకు పేరు లేకపోవడమేంటని మారిట్ అడగలేదు. పసిగుడ్డు అనుకుందేమో. దీక్షిత్ చెప్పిన మాటకు తల ఊపి, ఆ కొవ్వొత్తిని పేరు లేకుండానే వెలిగించింది.